ఈ తీరంలో పుట్టిన నీనెవె ఇస్సాకు



ఫుజైరాకు చుట్టాలు వచ్చినప్పుడు మీరు వాళ్ళను బిదియా మసీదు చూపించడానికి తీసుకువెళ్ళే ఉంటారు. దిబ్బా వెళ్ళే దారిలో, కొండవార, నాలుగు చిన్న గుమ్మటాలతో మట్టి రంగులో కనిపించే కట్టడం అది. ఈ దేశంలో ఇప్పటికీ నమాజు జరిగే మసీదుల్లో ఇదే చాలా పాతదని చెబుతారు. ఎప్పుడు కట్టారో గోడ మీద రాసి లేదు. ఫుజైరా పురావస్తు శాఖవారు సిడ్నీ విశ్వవిద్యాలయం వారితో కలిసి 1997, 98 సంవత్సరాల్లో పరిశీలించి, అది 15వ శతాబ్దం నాటిదని తేల్చారు.

తిరుగు ప్రయాణంలో కారులో ఎవరో ఒకరు అడుగుతారు, మరి ఇక్కడ పాత చర్చి ఏదైనా ఉందా అని. లేదనే చెప్పేస్తాం. చమురు దొరికాక, పనుల కోసం మనలాంటి వాళ్ళం వచ్చాక, పాలకులు దయతో స్థలాలు ఇచ్చాక చర్చిలు వచ్చాయని మనలో చాలామంది అనుకుంటాం. అది నిజం కాదు. ఈ తీరంలో సంఘం మనకంటే పదమూడు పద్నాలుగు వందల ఏళ్ళ ముందే ఉంది. దాని అసలు వయసు తెలుసుకోవడంలో చదువుకున్న పండితులు కూడా కొంతకాలం పొరబడ్డారు. ఎక్కడ పొరబడ్డారో అర్థం కావాలంటే మీకు ఒక మనిషి జీవితం చెప్పాలి. ఆయన పేరు ఇస్సాకు.

గ్రీసులో, రష్యాలో, సిరియాలో, కేరళలోని సిరియన్ సంఘాల్లో ఈయన్ని ఎరగని వాళ్ళు తక్కువ. నీనెవె ఇస్సాకు అనీ, సిరియా ఇస్సాకు అనీ పిలుస్తారు. దోస్తోయెవ్‌స్కీ రాసిన కరమజోవ్ సోదరుల నవలలో కూడా ఈయన పుస్తకం కనిపిస్తుంది. మన తెలుగు సంఘాల్లో మాత్రం ఈ పేరు పెద్దగా వినపడదు. నిజానికి ఆయన పుట్టింది నీనెవెలో కాదు, సిరియాలోనూ కాదు. మన గల్ఫ్ ఒడ్డునే పుట్టాడు.

ఖత్రాయుల దేశం

ఏడవ శతాబ్దంలో ఈ గల్ఫ్‌కు పడమటి ఒడ్డును, ఇప్పటి ఖతార్, బహ్రెయిన్, సౌదీ తూర్పు తీరం ఉన్న ప్రాంతాన్ని, సిరియాక్ భాషలో బేత్ ఖత్రాయే అనేవారు. ఖత్రాయుల ఇల్లు, అంటే ఖత్రాయుల దేశం అని అర్థం. ఖతార్ అనే పేరు అందులోనే వినిపిస్తోంది చూడండి. సిరియాక్ అంటే మన ప్రభువు మాట్లాడిన అరమేయిక్ భాషకు దగ్గరి భాష. ఇక్కడి క్రైస్తవులు తూర్పు సంఘానికి చెందినవాళ్ళు. ఇప్పటి ఇరాక్‌లో ఉండే కథోలికోస్ ఆ సంఘానికి పెద్ద. ముత్యాల కోసం సముద్రంలో మునిగేవాళ్ళు, పడవల మీద వ్యాపారం చేసేవాళ్ళు, ఖర్జూరపు తోటల వాళ్ళు, సన్యాసులు అందులో ఉండేవారు.

మన ఫుజైరా వైపు, హజర్ కొండలకు ఇవతల ఒమాన్ సముద్రం ఒడ్డున ఉన్న ప్రాంతం వేరే అధ్యక్షత. దాన్ని బేత్ మజూనాయే అనేవారు. మజూన్ అంటే ఒమాన్‌కు పాత పేరు. 424లో జరిగిన సంఘ సభకు మజూన్ బిషప్పు యోహన్నాన్ హాజరైనట్టు రాసి ఉంది. కల్బా దాటి సరిహద్దు అవతల సొహార్ వైపు కారులో వెళ్తూ ఉంటే మనం ఆ పాత అధ్యక్ష మండలం మీదుగానే వెళ్తున్నాం.

ఇస్సాకు బేత్ ఖత్రాయేలో పెరిగి, చిన్నతనం నుంచే లేఖనాలు నేర్చుకుని, సన్యాసి అయి, తన ప్రాంతంలోనే బోధకుడయ్యాడు. ఇది ఎడారి మూల, చదువు తక్కువ అనుకోకండి. అదే కాలంలో దాదీషో, గబ్రియేలు వంటి రచయితలు ఈ ప్రాంతం నుంచే వచ్చారు. ఆ గబ్రియేలు ఇస్సాకుకు బంధువు కూడా.

676లో ఒక ద్వీపం మీద

ఆ రోజుల్లో ఇక్కడి సంఘంలో ఒక పెద్ద తగవు నడిచింది. బేత్ ఖత్రాయే బిషప్పులు తమ పైవాళ్ళ మాట వినడం మానేశారు. కథోలికోస్ ఈషోయాబ్ వాళ్ళను మందలిస్తూ ఎన్నో ఉత్తరాలు రాశాడు. ఆయన తరువాత వచ్చిన కథోలికోస్ గివర్గీస్ ఉత్తరాలతో సరిపెట్టలేదు. తానే పడవ ఎక్కి వచ్చాడు. 676లో దారీన్ ద్వీపం మీద బిషప్పులందరినీ కూడగట్టి సమాధానపరిచాడు. దారీన్ ఇప్పటి సౌదీలో దమ్మాము దగ్గర ఉంది. మజూన్ నుంచి బిషప్పు స్తెఫను కూడా ఆ సభకు వెళ్ళాడు.

ఆ సభ చేసిన పంతొమ్మిది తీర్మానాలు ఇప్పటికీ ఉన్నాయి. వాటిలో ఏమున్నాయో వింటే మీకు నవ్వు రావచ్చు. పెండ్లి పెద్దల సమ్మతితో, సిలువ ఎదుట, పాదిరి ఆశీర్వాదంతో జరగాలన్నారు. విశ్వాసి అయిన స్త్రీ అవిశ్వాసిని చేసుకోకూడదన్నారు. పండుగనాడు బల్లలో పాలుపొంది, వెంటనే బయటి మద్యపు కొట్లకు వెళ్ళవద్దన్నారు. చనిపోయినవాళ్ళను ఖరీదైన పట్టు బట్టల్లో చుట్టి డాబు చేయవద్దన్నారు. బిషప్పుల దగ్గర తలపన్ను వసూలు చేయవద్దని అధికారం ఉన్న విశ్వాసులకు చెప్పారు. మన సంఘ కమిటీ మీటింగు మినిట్స్ చదువుతున్నట్టు లేదూ?

ఇక్కడ ఆ సంవత్సరాన్ని గమనించండి. 676 అంటే ఇస్లాం ప్రవక్త మరణించి నలభై ఏళ్ళు దాటింది. అరేబియా అంతా ఖలీఫాల ఏలుబడిలో ఉంది. ఆ ఏలుబడిలోనే, ఈ తీరంలోనే, బిషప్పులు కూడుకుని పెండ్లిళ్ళ గురించి, పన్నుల గురించి, శవ సంస్కారాల గురించి మాట్లాడుకుంటున్నారు. చావబోతున్న సంఘం పండుగనాటి తాగుడు గురించి తీర్మానం రాసుకోదు కదా. అంటే సంఘం అప్పటికి బ్రతికే ఉంది, దానికి రోజువారీ సమస్యలు ఉన్నాయి. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు పనికొస్తుంది.

ఐదు నెలల బిషప్పు

గివర్గీస్ తిరిగి వెళ్తూ ఇస్సాకును వెంట తీసుకువెళ్ళాడు. బేత్ ఆబే అనే మఠంలో ఆయన్ని నీనెవెకు బిషప్పుగా అభిషేకించాడు. యోనా వెళ్ళనని పారిపోయిన నీనెవెకు ఈ తీరం నుంచి ఒక బోధకుడు అలా వెళ్ళాడు. యోనా చివరికి వెళ్ళి పని ముగించాడు. ఇస్సాకు మాత్రం ఐదు నెలలకే పదవి వదిలేశాడు.

ఎందుకని అడిగితే పాత చరిత్రకారుడు కారణం దేవునికే తెలుసని రాసి ఊరుకున్నాడు. తరువాతి అరబీ కథనం మాత్రం ఒక సంగతి చెబుతుంది. అభిషేకం అయిన రోజునే ఇద్దరు మనుషులు అప్పు తగవుతో వచ్చారట. అప్పిచ్చినవాడు వెంటనే కట్టమంటాడు, తీసుకున్నవాడు గడువు అడుగుతాడు. ఇస్సాకు సువార్తలోని మాట గుర్తుచేసి, కనీసం ఒక్క రోజు ఓర్చుకోమన్నాడు. సువార్తను కాసేపు పక్కన పెట్టమని అప్పిచ్చినవాడు జవాబిచ్చాడట. సువార్తను పక్కన పెట్టాల్సిన చోట నాకేమి పని అనుకుని ఇస్సాకు వెళ్ళిపోయాడంటారు. దీన్ని కథగానే తీసుకోండి. ఐదు నెలలు, రాజీనామా అనేవి మాత్రం చరిత్ర.

అక్కడి నుంచి ఇప్పటి ఇరాన్ నైరుతిలో ఉన్న ఖూజిస్తాన్ కొండల్లోకి వెళ్ళి ఏకాంతవాసుల మధ్య ఉన్నాడు. తరువాత రబ్బన్ షాబూర్ మఠంలో చేరాడు. ఎడతెగని చదువుతో, ఉపవాసాలతో కండ్లు పోయాయి. చూపు పోయాక ఆయన చెబుతూ ఉంటే శిష్యులు రాసుకున్నారు. చూపు లేకపోయినా గొప్ప వేదపండితుడైన అలెగ్జాండ్రియా దిదుమును తలచుకుని, ఇస్సాకును రెండవ దిదుము అన్నారు. ముసలితనంలో చనిపోతే ఆ మఠంలోనే పాతిపెట్టారు.

ఆయన బోధ అంతా కనికరం చుట్టూ తిరుగుతుంది. దేవుడు మనుషులతో లెక్కలు చూసే షావుకారు కాడని, కనికరమే ఆయన స్వభావమని ఇస్సాకు నమ్మాడు. దేవుని ఎరిగినవాని హృదయం మనుషుల కోసమే గాక పక్షుల కోసం, పశువుల కోసం, సత్యానికి శత్రువుల కోసం కూడా కరుగుతుందని బోధించాడు. సొంత సంఘంలోనే కొందరికి ఇది ఎక్కువ అనిపించింది. ఆ కాలంలో, సంఘం అధికారాన్ని కోల్పోయి వేరొకరి ఏలుబడిలో ఉన్నప్పుడు, చేదు లేకుండా ఇలా రాయడం చిన్న విషయం కాదు.

తప్పు కవరులో ఉన్న ఉత్తరం

ఇస్సాకు చనిపోయిన వంద ఏళ్ళ తరువాత, కొంచెం అటూ ఇటూగా, యెరూషలేముకు దగ్గరలోని మార్ సాబా మఠంలో అబ్రాహాము, పత్రికియు అనే ఇద్దరు సన్యాసులు ఆయన బోధలను గ్రీకులోకి మార్చారు. వాళ్ళ సంఘం వేరు. వాళ్ళ లెక్కలో ఇస్సాకు సంఘం తప్పు బోధ పట్టిన సంఘం. అయినా పుస్తకం బాగుందని తీసుకున్నారు. గ్రీకు నుంచి అది ఎన్నో భాషల్లోకి వెళ్ళింది. చదివినవాళ్ళు ఈయన ఎక్కడివాడో, ఏ సంఘంవాడో మరచిపోయారు.

ఆ గ్రీకు సంపుటిలో ఇస్సాకువి కాని రచనలు కొన్ని కలిసిపోయాయి. వాటిలో ఒక ఉత్తరం ఉంది. నిజానికి అది మబ్బూగు బిషప్పు ఫిలొక్సెను రాసినది. గ్రీకులో అది ఆరవ శతాబ్దపు సీమోను అనే భక్తునికి ఇస్సాకు రాసినట్టు కనబడుతుంది. దాన్ని బట్టి ఐరోపా పండితులు చాలాకాలం ఇస్సాకు ఆరవ శతాబ్దంవాడని అనుకున్నారు. వేరొకరి ఉత్తరం తప్పు కవరులో ఉన్నందుకు ఒక మనిషి వయసు వంద ఏళ్ళు మారిపోయింది.

ఈ చిక్కును విప్పింది గల్ఫ్ కొసన ఉన్న బస్రా బిషప్పు ఈషోదనాహ్. తొమ్మిదవ శతాబ్దంలో ఆయన మఠాల స్థాపకుల గురించి, భక్తుల గురించి చిన్న చిన్న జీవితాలు రాశాడు. అందులో ఇస్సాకు బేత్ ఖత్రాయేవాడనీ, గివర్గీస్ చేతి మీదుగా బిషప్పు అయ్యాడనీ ఉంది. ఫ్రెంచి పండితుడు షాబో ఆ పుస్తకాన్ని 1896లో అచ్చు వేయించాడు. గివర్గీస్ కాలం 661 నుంచి 680 వరకని తెలుసు కాబట్టి ఇస్సాకు కాలమూ తేలిపోయింది. తరువాత, పోయిందనుకున్న ఆయన రచనల రెండవ భాగం 1983లో ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో సెబాస్టియన్ బ్రాక్ అనే పండితునికి దొరికింది. అరలో ఉన్న ప్రతినే ఎవరూ గుర్తుపట్టలేదన్నమాట.

ఇసుకలోని చర్చిల వయసు

ఇప్పుడు మన చుట్టాల ప్రశ్నకు వద్దాం. మన ఊళ్ళలో ఈ చిక్కు తక్కువ. మెదక్ చర్చిని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారని అక్కడ చిన్నపిల్లలు కూడా చెబుతారు. గల్ఫ్ ఇసుకలో దొరికిన చర్చిలకు అలాంటి రాతి పలక లేదు.

1986లో సౌదీలోని జుబైల్ దగ్గర ఒక చర్చి బయటపడింది. కువైట్ ఫైలకా ద్వీపంలో ఇంకొకటి దొరికింది. 1992లో అబుదాబి ద్వీపాల సర్వే చేస్తుండగా సిర్ బని యాస్ ద్వీపం మీద గోడల ఆనవాళ్ళు కనిపించాయి. మొదట అవి ముంగిలి ఉన్న ఇళ్ళని తోచింది. తవ్వగా తవ్వగా నడుమ తూర్పుకు తిరిగిన మూడు నడవల మందిరం, దాని గోడల మీద ఉండిన సున్నపు గచ్చు సిలువలు బయటపడ్డాయి. చుట్టూ ఉన్నవి సన్యాసుల ఇళ్ళు. అలా అది చర్చి అని తేలింది.

అది ఎప్పటిదని తేల్చడం దగ్గర పొరబాటు జరిగింది. సిర్ బని యాస్ 600 ప్రాంతంలో మొదలైందని, ఫైలకా 5, 6 శతాబ్దాలదని మొదట చెప్పుకున్నారు. ఈ లెక్కల వెనక ఒక ఊహ కూడా ఉంది. ఇస్లాం వచ్చాక ఇక్కడ ఎవరు చర్చి కడతారు, కాబట్టి ఇది అంతకుముందుదే అయి ఉండాలి అన్నది ఆ ఊహ. తరువాత కుండ పెంకులను మళ్ళీ జాగ్రత్తగా చూశారు. కుండల ఆకారం, వాటి మీద పూసిన మెరుపు కాలాన్ని బట్టి మారుతాయి. పైగా విరిగిన కుండను ఎవరూ దాచుకోరు, అక్కడే పారేస్తారు. అందుకే పెంకు నమ్మకమైన సాక్షి. రాబర్ట్ కార్టర్ 2008లో ఆ పెంకులను వేరేచోట్ల దొరికిన వాటితో పోల్చి, సిర్ బని యాస్ మఠం 7వ శతాబ్దం చివరి భాగం నుంచి 8వ శతాబ్దం మధ్య వరకు నడిచిందని చూపించాడు. ఫైలకా కాలం కూడా అలాగే కిందికి జరిగింది.

అన్నీ తరువాతివే అని కాదు. ఉమ్ అల్ ఖైవైన్‌లోని సినియా ద్వీపం మీద దొరికిన మఠాన్ని 2022లో ప్రకటించారు. దాని కాలం 6వ శతాబ్దం చివరి నుంచి 8వ శతాబ్దం మధ్య వరకు. బహ్రెయిన్‌లోని సమాహీజ్‌లో శ్మశానపు దిబ్బ కింద దొరికిన కట్టడం 4వ శతాబ్దం మధ్య నుంచి 8వ శతాబ్దం మధ్య వరకు వాడుకలో ఉంది. సమాహీజ్ అనే ఊరి పేరే ఒక సాక్ష్యం. సిరియాక్ పత్రాల్లో మష్మాహిగ్ అనే అధ్యక్షత పేరు అది. కట్టడం మట్టిలో కలిసినా పేరును ఊరివాళ్ళ నోరు కాపాడింది.

ఇస్సాకు జీవితాన్ని ఈ పెంకుల పక్కన పెట్టి చూడండి. ఆయన్ని వంద ఏళ్ళు వెనక్కి జరిపినట్టే చర్చిలనూ వెనక్కి జరిపారు. 676 నాటి సభను గుర్తుంచుకుని ఉంటే అంత తొందరపడాల్సిన పని లేదు. ఖలీఫాల ఏలుబడిలో బిషప్పులు కూడుకున్నారని కాగితం చెబుతోంది. ఆ కాలంలోనే మఠం నిలిచి ఉందని పెంకు చెబుతోంది. సిర్ బని యాస్‌లో కూలగొట్టిన గుర్తులు, తగలబెట్టిన గుర్తులు కనబడలేదు. సంఘం మెల్లగా పలచబడింది, మనుషులు వెళ్ళిపోయారు, ఇసుక కప్పింది.

మనకేమిటి?

ప్రియులారా, పాతదంటే మనకు గొప్ప. మా సంఘమే ముందు, మీది తరువాత అని మన డినామినేషన్ల మధ్య కూడా పోటీ ఉంది. అందుకని సిర్ బని యాస్ చర్చి వయసు వంద ఏళ్ళు తగ్గిందంటే కొందరికి నష్టం అనిపించవచ్చు. నాకు మాత్రం లాభమే కనిపిస్తోంది. పాత తేదీ ప్రకారం, ఏలుబడి మారగానే ఆరిపోయిన సంఘం అది. సరైన తేదీ ప్రకారం, ఏలుబడి మారాక కూడా గచ్చు కలిపి, సిలువలు పోసి, పొరుగువారి మధ్య మూడు నాలుగు తరాలు ఆరాధించిన సంఘం. మన పరిస్థితికి ఈ రెండవ సంఘమే దగ్గర. మన సాక్ష్యానికి పెంచి చెప్పిన వయసు అక్కర్లేదు. ఉన్నది ఉన్నట్టు చెబితే అదే ఎక్కువ బలాన్నిస్తుంది.

ఇంకొకటి. ఒకే కాంపౌండులో తెలుగువాళ్ళు వెళ్ళాక మలయాళీలు, వాళ్ళు వెళ్ళాక ఫిలిప్పీన్స్‌వాళ్ళు గదిని పంచుకునే జీవితం మనది. గడియారం చూసుకుని పాటలు ముగించడం మనకు అలవాటే. ఇస్సాకు బోధలను గ్రీకులోకి మార్చింది ఆయన సంఘం కానివాళ్ళు. ఇప్పుడు ఆయన్ని అన్ని సంఘాలూ తమవాడంటున్నాయి. 2024 నవంబరులో పోపు ఫ్రాన్సిస్ ఇస్సాకు పేరును రోమను సంఘపు భక్తుల జాబితాలో చేర్చారు. చాలా పాత గోడ ఒకటి ఆయన పేరు దగ్గర కాస్త తగ్గింది.

వీలైతే ఒక సెలవు రోజున పిల్లలను తీసుకుని జెబెల్ ధన్నా నుంచి పడవలో సిర్ బని యాస్ వెళ్ళండి. ఆ మోకాలెత్తు గోడల దగ్గర నిలబడి ఇస్సాకు గురించి చెప్పండి. మన తాతలు సువార్త వినకముందే ఈ ఇసుక మీద ప్రభువును స్తుతించిన నోళ్ళు ఉన్నాయని వాళ్ళు తెలుసుకోవాలి. మనం ఈ దేశానికి అతిథులమే. ఈ తీరపు ఆరాధనకు మాత్రం వారసులం. అతిథికి ఉండాల్సిన మర్యాద, వారసునికి ఉండాల్సిన బాధ్యత రెండూ మనలో ఉండేలా, ఇస్సాకు నేర్చుకున్న కనికరం మనకూ అబ్బేలా దేవుడు సహాయం చేయును గాక. ఆమెన్.